రంజాన్ పండుగ: ఒక ఇంటి లెక్క

రంజాన్ పండుగ మర్నాడు ఏ పత్రిక తిరగేసినా రెండు బొమ్మలు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి, ఈద్గాలో వరసలు తీరి వంగిన తెల్లటి వీపులు. రెండోది, నమాజు ముగిశాక ఒకరినొకరు కావలించుకున్న ఇద్దరు మనుషులు. వీలైతే అందులో ఒకరు స్థానిక నాయకుడు. హైదరాబాద్ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత మూడో బొమ్మ కూడా స్థిరపడింది. అది హలీం గిన్నె.

ఈ మూడు బొమ్మల్లోనూ ఇల్లు లేదు.

ఇది పత్రికల లోపం మాత్రమే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. అభ్యుదయ దృష్టి కలిగిన రచయితలు కూడా ఈ విషయంలో చాలాకాలం రెండే రెండు తోవల్లో నడిచారు. మతాన్ని విమర్శించే పనిలో ఉన్నవారు పండుగను ఆచారాల మూటగా భావించి పక్కన పెట్టారు. మతసామరస్యాన్ని కోరేవారు దాన్ని ఒక ఆలింగనంగా చూసి మురిసిపోయారు. ఇద్దరూ గడప దాటి లోపలికి వెళ్లలేదు. లోపల ఎవరు ఏ వేళకు నిద్ర లేస్తున్నారు, ఎవరి చేతికి డబ్బు ఎప్పుడు వస్తోంది, ఎవరు ఆఖరున తింటున్నారు అన్న ప్రశ్నలు వేసుకోకుండా ఒక కుటుంబం పండుగ ఎట్లా చేసుకుంటుందో చెప్పడం సాధ్యం కాదు.

ముందుగా ఒక చిన్న సవరణ. మనం రంజాన్ అని పిలుస్తున్నది నిజానికి నెల పేరు. నెల పొడవునా ఉండే ఉపవాసాలు ముగిసి, షవ్వాల్ నెలవంక కనిపించిన మర్నాడు వచ్చేది ఈదుల్ ఫితర్, అంటే ఉపవాస విరమణ పండుగ. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే కాబట్టి, అధికమాసం పెట్టి సర్దే పద్ధతి కూడా లేదు కాబట్టి, ఈ పండుగ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ అన్ని రుతువుల్నీ చుట్టి వస్తుంది. 1986లో మే ఎండల్లో ఉపవాసం ఉన్నవాళ్లు 33 ఏళ్ల తర్వాత 2019లో మళ్లీ మే ఎండల్లోనే ఉన్నారు. మన కోస్తాలో ఆ కాలంలో ఉపవాసం సుమారు 14 గంటలు. గుక్కెడు నీళ్లు కూడా లేకుండా మధ్యాహ్నం రెండింటికి రేకుల కప్పు కింద ఇస్త్రీపెట్టె తోసేవాడికి ఆ లెక్క పంచాంగం చూడకుండానే తెలుస్తుంది.

ఇక ఇంట్లోకి వెళదాం. ఒంగోలుకూ కావలికీ మధ్య ఒక చిన్న పట్టణంలో నాకు బాగా తెలిసిన ఇల్లు ఇది. ఇంట్లో ఏడుగురు. జేజి, ఆమె కొడుకు, కోడలు. వాళ్ల పెద్దకొడుకు, అతని భార్య, వాళ్ల చంటిబిడ్డ. బడికి పోయే చిన్నవాడు. కూతుర్ని నెల్లూరిచ్చారు. వీళ్లు దూదేకులవాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అమ్మా నాయనా అనే పిలుచుకుంటారు. ఉపవాసాన్ని జేజి 'రోజా' అనదు, 'ఒక్కపొద్దు' అంటుంది. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు దీన్ని చూసి నవ్విన సందర్భాలున్నాయి. ముస్లిములంతా ఉర్దూ మాట్లాడతారనుకునే మిగతా ఊరు, వీళ్లు తెలుగు మాట్లాడితే ఆశ్చర్యపోయిన సందర్భాలూ ఉన్నాయి. జేజి భర్త విల్లు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. దూది ఏకే యంత్రాలు వచ్చి విల్లును మూలకు నెట్టాయి. ఆ తర్వాత ఫోమ్ పరుపులు వచ్చి దూదినే మూలకు నెట్టాయి. కొడుకు టైలరయ్యాడు. రెడీమేడ్ బట్టలు ఇప్పుడు అతన్ని నెడుతున్నాయి. పెద్దమనవడు సెల్‌ఫోన్ల దుకాణంలో జీతానికి ఉన్నాడు. మూడు తరాల కథ ఇంతే.

నెలంతా ఈ ఇంట్లో రోజు మొదలయ్యేది తెల్లవారుజామున మూడింటికి. ఒకప్పుడు ఫకీరు దఫ్ వాయించుకుంటూ వచ్చి వీధివీధినా లేపేవాడు. ఇప్పుడు మసీదు మైకు, సెల్‌ఫోను అలారం లేపుతున్నాయి. కానీ అందరూ ఒకేసారి లేవరు. పొయ్యి వెలిగించాల్సినవాళ్లు ముందుగా లేస్తారు. అత్తాకోడళ్లు లేచి అన్నం, కూర సిద్ధం చేశాక మగవాళ్లను లేపుతారు. ఫజర్ వేళకు సహరీ ముగియాలి. మగవాళ్లు నమాజు చేసి ఓ గంట నడుం వాలుస్తారు, ఆడవాళ్లకు గిన్నెలుంటాయి. సాయంత్రం ఇఫ్తారుకు గంజి, పండ్ల ముక్కలు, శనగలు. వాటి వెనకే రాత్రి వంట. మగవాళ్లు తరావీ నమాజుకు పోతారు. ఇంట్లో ఆడవాళ్లు ఎప్పుడు వీలైతే అప్పుడు చదువుకుంటారు.

ఒక విషయం ఎవరూ రాయరు. నెలసరి రోజుల్లో స్త్రీ ఉపవాసం ఉండకూడదు. తప్పిన రోజుల్ని తర్వాత పూర్తి చేసుకోవాలి. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ సడలింపు ఉంది. శాస్త్రం ఇచ్చిన ఈ సడలింపు ఇంట్లో ఏ రూపం తీసుకుంటుందంటే, ఆ రోజుల్లో కూడా ఆమె మూడింటికి లేచి వండుతుంది, మధ్యాహ్నం మాత్రం మామకూ మరిదికీ కనిపించకుండా వంటింటి తలుపు చాటున రెండు ముద్దలు తింటుంది. చిన్నకోడలు పాలిచ్చే తల్లి. అత్త ఆమెను మధ్యాహ్నం కూర్చోబెట్టి తానే అన్నం పెట్టడం ఒకసారి చూశాను. చాటుకు పోవాల్సిన అవసరం ఆ అమ్మాయికి లేకపోవడం, తన వయసులో తనకు దొరకనిది ఆమెకు ఇవ్వాలని అత్త అనుకున్నందువల్లనే.

ఇప్పుడు కుట్టుమిషన్ దగ్గరకు వద్దాం. ఈ ఇంటి పండుగను అర్థం చేసుకోవాలంటే ఈద్గాకంటే ముందు చూడాల్సింది అదే.

టైలరుకు రంజాన్ నెల ఏడాది మొత్తం మీద పనిదండిగా ఉండే నెల. మొదటి పదిహేను రోజుల్లో బట్ట చేతికొస్తుంది. ఆఖరి పది రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. పిల్లల కుర్తాలు, పైజామాలు, ఆడపిల్లల జాకెట్లు, లంగాలు, పెద్దవాళ్ల లాల్చీలు. 'ఇరవైతొమ్మిది సాయంత్రానికి ఇచ్చేయాలి' అనే షరతు మీదే అన్నీ తీసుకుంటాడు. ఎందుకంటే ఇస్లామిక నెలకు 29 రోజులా 30 రోజులా అన్నది ముందుగా తెలియదు. ఇరవైతొమ్మిదో సాయంత్రం పడమటి ఆకాశంలో నెలవంక కనిపిస్తే రేపే పండుగ. కనిపించకపోతే ఇంకొక ఉపవాసం, ఎల్లుండి పండుగ. కవులు నెలవంకను ఎన్నింటితోనో పోల్చారు. టైలరుకు మాత్రం అది గడువు. ఆ సాయంత్రం ఊరంతా మేడలెక్కి చంద్రుణ్ని వెతుకుతుంటే, కనపడకపోతే బాగుండుననుకునేవాడు ఊళ్లో అతనొక్కడే. పైకి అనడు. అనకూడదు కూడా.

కనిపించిందంటే ఆ రాత్రి చాంద్ రాత్. బజార్లో గాజులు, అత్తరు, సుర్మా, సేమియా దుకాణాలు తెల్లవార్లూ తెరిచే ఉంటాయి. టైలరు మిషను కూడా ఆగదు. కాజాలు, గుండీలు, చేతి హెమ్మింగు ఇంటికి వస్తాయి. భార్య, ఒకచేత పాయసానికి ఎండుఖర్జూరం తరుగుతూనే, మరోపక్క కాజాలు కుడుతుంది. సారపప్పు నానబెట్టి పొట్టు తీసేదీ ఆమే, గుండీ రంగు కలవలేదని విప్పి మళ్లీ వేసేదీ ఆమే. దుకాణం బోర్డు మీద భర్త పేరుంటుంది. కొలతల పుస్తకంలో ఏ చొక్కాకు ఎన్ని కాజాలో రాసి ఉంటుంది, ఎవరు కుట్టారో రాసి ఉండదు. ఊరి పిల్లలందరి బట్టలూ అయ్యాక, తెల్లవారుజామున నాలుగింటికి, చివరగా మిషను మీదికి వచ్చేది సొంత కొడుకు కుర్తా. ఒక్కొక్క ఏడు దానికి కాలరు ఉండదు. కాలరు లేని కుర్తా ఫ్యాషనని ఆ పిల్లవాడికి చెప్పి నమ్మించారు కొంతకాలం.

డబ్బు విషయం ఇక్కడే చెప్పుకోవాలి.

పండుగ నమాజుకు ముందు ఫిత్రా ఇచ్చి తీరాలి. మనవైపు ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతిలో మనిషికి అర్ధ సా గోధుమలు, అంటే ఇంచుమించు పావుతక్కువ రెండు కిలోలు, లేదా అంత విలువ. ఏటా ఉలమాలు దాని ధర ప్రకటిస్తారు. తెల్లవారకముందు పుట్టిన శిశువు తల కూడా లెక్కలోకి వస్తుంది. మనం చెప్పుకుంటున్న ఇంట్లో ఏడు తలలు, తలకు 1.75 కిలోల చొప్పున 12.25 కిలోలు. గోధుమలు కిలో 40 రూపాయలని వేసుకుంటే 490 రూపాయలు. ఒకటి రెండు చొక్కాల కుట్టుకూలి.

జకాత్ వేరు. ఏడాదిపాటు నిలవ ఉన్న సంపద మీద రెండున్నర శాతం. ఏడున్నర తులాల బంగారమో, యాభైరెండున్నర తులాల వెండి విలువో ఉన్నవారికే అది వర్తిస్తుంది. దాన్ని తీసుకోదగినవారు ఎనిమిది రకాలని ఖురాన్ చెబుతుంది. అందులో అప్పులపాలైనవారు ఒకరు. హనఫీ పద్ధతిలో ఫిత్రా కూడా నిసాబ్ మేర ఆస్తి ఉన్నవారికే విధి. ఆ లెక్కన మన టైలరు ఇచ్చేవాళ్లలో ఉన్నాడో తీసుకునేవాళ్లలో ఉన్నాడో తేల్చడం కష్టమే. అయినా ఏటా ఏడు తలలకూ ఇస్తాడు. ఎందుకని అడిగితే, 'ఇయ్యకపోతే తీసుకునే వరసలో నిలబడాల గదన్నా' అన్నాడు.

దానంతో దారిద్ర్యం పోదని మనం వందసార్లు రాశాం. అది నిజమే. అయితే ఫిత్రాలో దానంకంటే గమనించదగిన అంశం మరొకటి ఉంది. అది గడువు. నమాజు తర్వాత ఇస్తే అది ఫిత్రా కిందికి రాదు, మామూలు దానం కిందికే వస్తుంది. పేదవాడి ఇంట పొయ్యి వెలిగిన తర్వాతే ఉన్నవాడు పండుగ నమాజుకు నిలబడాలి. ఇంతకంటే కచ్చితంగా రాసిపెట్టిన గడువు మరే పండుగలోనూ నేను చూడలేదు. మరి అదే రోజున, అదే వీధిలో, కుట్టుకూలికి గడువుందా? చాంద్ రాత్ నాడు బట్టలు తీసుకుపోయేవాళ్లలో సగంమంది 'పండగ అయిపోనీ' అంటారు. ఇంటికి అన్ని ఖర్చులున్నాయి గదా అంటారు. వాళ్లు అబద్ధమూ చెప్పడం లేదు. వాళ్లలో కొందరు ఆ రోజే సందు చివరి వితంతువుకు ఫిత్రా గోధుమలు దగ్గరుండి పంపినవాళ్లు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త మాట శుక్రవారం ప్రసంగాల్లో విన్నవాళ్లే. దానానికి తేదీ, వేళ, తూకం అన్నీ ఉన్నాయి. కూలికి మాట ఉంది గాని వేళ లేదు. కాజాలు కుట్టిన చేతికి ఆ మాట కూడా లేదు.

వడ్డీ నిషిద్ధమైన మతంలో పండుగ బట్టల కోసం వారం వడ్డీకి డబ్బు తెచ్చుకునే ఇళ్లు ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ తేడాలోనే ఉంది.

ఇక పండుగ రోజు. తెల్లవారగానే తలస్నానాలు. ఉన్నంతలో మంచి బట్టలు, చెవి మడతలో అత్తరు దూది. ఈదుల్ ఫితర్ నాడు ఏదైనా తీపి తిని బయలుదేరాలి. ఖర్జూరాలైతే బేసి సంఖ్యలో. ఈద్గాకు ఒక దారిన పోయి మరో దారిన రావడం ఆచారం. పండుగ నమాజుకు అజాన్ ఉండదు. రెండు రకాతుల నమాజు; హనఫీ పద్ధతిలో ఆరు తక్బీర్లు ఎక్కువ. శుక్రవారం ఖుత్బా నమాజుకు ముందుంటే, ఈ రోజు తర్వాత ఉంటుంది. ఏడాదికి రెండుసార్లే చేసేది కాబట్టి తక్బీరెప్పుడో రుకూ ఎప్పుడో తెలియక పక్కవాణ్ని ఓరగా చూసేవాళ్లు ప్రతి వరసలోనూ ఉంటారు. చిన్నవాడు నాయన పక్కన నిలబడి అందర్నీ చూసి వంగుతాడు.

ఈ ఊళ్లో ఆడవాళ్లు ఈద్గాకు పోరు. కొన్నిచోట్ల వాళ్లకు పరదా కట్టి ఏర్పాటు చేస్తున్నారు. జేజిని అడిగితే, 'నేను పోతే పాలు పొంగిపోవా?' అంది. హాస్యానికే అంది గాని అందులో హాస్యం తక్కువ.

ఆ పాలు షీర్ ఖుర్మాకు. షీర్ అంటే పారసీలో పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. నేతిలో వేయించిన సన్నసేమియా, చిక్కబడిన పాలు, ఎండుఖర్జూరం, సారపప్పు, బాదం. ఒకప్పుడు సేమియా ఇంట్లోనే చేసుకునేవాళ్లు. మంచం పట్టెకు చేతిమర బిగించి ఒకరు తిప్పుతుంటే, మరొకరు జారే పోగుల్ని అందుకుని దండెం మీద ఆరవేసేవాళ్లు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు కలిసేది ఆ పనిలోనే. పాకెట్ సేమియా వచ్చి శ్రమ తగ్గించింది, కలిసి కూర్చోవడాన్నీ తగ్గించింది. పోయినందుకు బాధపడాలా, బరువు తగ్గినందుకు సంతోషించాలా? జేజిని అడిగితే చేతులు చూపించింది.

మగవాళ్లు తిరిగొచ్చేసరికి పాయసం సిద్ధం. పిల్లలు పెద్దలకు సలాం చెప్పి ఈదీ పుచ్చుకుంటారు. మాంసం తినని ఇళ్లకు, పలావు పొయ్యి మీదికి ఎక్కకముందే, పాయసం క్యారియర్లలో వెళ్లిపోతుంది. ఎవరూ అడగకుండానే పాటించే నియమమది. సామరస్యం గురించి మనం పెట్టే సభలకంటే ఇది పాతది. తర్వాత కబరస్తాన్, బంధువుల రాకపోకలు, పలావు, దాల్చా. మగవాళ్ల పంక్తి, పిల్లల పంక్తి, వచ్చిన చుట్టాల పంక్తి. మూడున్నరకు వంటింట్లో ఆడవాళ్లు కూర్చుంటారు. నెలంతా పొద్దువాలేదాకా ఆకలితో ఉన్నవాళ్లు పండుగనాడు కూడా దాదాపు పొద్దువాలేదాకా తినరు. కూతురు ఆ రోజు రాదు. అత్తింటి పొయ్యి దగ్గర ఆమె పండుగ ఆమెకుంటుంది. మర్నాడు, బాసీ ఈద్‌కు వస్తుంది. జేజికి అసలు పండుగ ఆ రోజే.

ఇక్కడ ప్రేంచంద్ గుర్తుకు వస్తాడు. 1936లో లక్నోలో అఖిలభారత అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షుడాయన. అంతకు మూడేళ్ల ముందు, 1933లో 'ఈద్‌గాహ్' కథ రాశాడు. మూడు పైసలతో పండుగ సంతకు పోయిన హమీద్ బొమ్మలూ మిఠాయిలూ విడిచిపెట్టి, రొట్టెలు కాల్చేటప్పుడు చేతులు కాల్చుకునే అవ్వ కోసం పట్టకారు కొంటాడు. కథ పేరు ఈద్గా. కానీ రచయిత కన్ను ఈద్గా నుంచి పొయ్యి దగ్గరకు తిరిగివస్తుంది. మన సంఘం 1943లో తెనాలిలో ఏర్పడింది. తెలుగులో ముస్లిం ఇంటి పొయ్యి దాకా పోయిన కథలు ఆ తర్వాత కూడా చాలాకాలం అరుదుగానే వచ్చాయి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' (1999), స్కైబాబ సంపాదకత్వంలో 'వతన్' (2004) వచ్చాకనే ఆ ఇళ్ల లోపలి మాట తెలుగు పాఠకుడికి గట్టిగా వినిపించింది. అది కూడా ఆ ఇళ్లవాళ్లే రాస్తే. దీన్ని ఇతరుల మీద నేరంగా మోపడం లేదు. మన పుస్తకాల బీరువా వైపు చూసి అంటున్నాను.

2020 సంగతి ఒకటి చెప్పాలి. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. మసీదులు, ఈద్గాలు మూత. మే 25న పండుగ. ఆ ఏడు కుట్టుమిషన్ మీదికి ఒక్క పండుగ గుడ్డా రాలేదు. టైలరు మాస్కులు కుట్టాడు. కొత్తబట్టలు లేవని చిన్నవాడు ఏడిస్తే జేజి ఒక సంగతి చెప్పింది. పండుగనాడు ఉన్నవాటిలో మంచివి కట్టుకోమన్నారు గాని కొత్తవి కొనమని ఎక్కడా చెప్పలేదంది. ఆమె చెప్పింది నిజం. ఇన్నేళ్లూ ఆ నియమాన్ని ఆమె ఎందుకు బయటపెట్టలేదంటే, ఊరంతా దాన్ని పాటిస్తే ఆమె కొడుకుకు తిండి ఉండదు. ఆ ఏడు ఇంట్లోనే నమాజు చదువుకున్నారు. ముందు మగవాళ్లు, వెనక వరసలో జేజి, ఇద్దరు కోడళ్లు. పాలు పొయ్యి దించాకే మొదలుపెట్టారు. ఒకే కప్పు కింద ఇంటిల్లిపాదీ పండుగ నమాజుకు నిలబడడం తన జీవితంలో అదే మొదటిసారి అని జేజి తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. ఫిత్రా మాత్రం ఆ ఏడూ ఆపలేదు. పాత బాకీలు వసూలు చేసి ఇచ్చాడు.

బాకీలంటే గుర్తొచ్చింది. మామూలు సంవత్సరాల్లో పండుగ మర్నాడు దుకాణం తెరవరు. కూతురు, అల్లుడు వస్తారు. మూడోరోజు పొద్దున భార్య కొలతల పుస్తకం తెరిచి, ఎవరెవరు ఎంతెంత ఇవ్వాలో చదువుతుంది. పెద్దకొడుకు కాగితం మీద రాసుకుంటాడు. అందులో మూడొంతులు పాయసం క్యారియర్ వెళ్లిన ఇళ్లే. క్యారియర్ తీసుకుపోయిన చిన్నవాణ్ని బాకీకి పంపకూడదని ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. ఇంకో రెండు రోజులు ఆగి, పెద్దవాణ్నే పంపుతారు.